పెట్రోలు ఖర్చుకు చందా

చిన్న మొత్తం ఉద్యమాన్ని ఎలా నిలబెడుతుందో అమెరికాలోని మాంట్‌గొమరీ చెబుతుంది. 1955 డిసెంబరులో అక్కడి నల్లజాతివారు వివక్ష పాటించే సిటీ బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు! ఎందరో నడిచారు; మిగతావారిని పనులకు చేర్చడానికి కార్లు తిప్పారు. మరి పెట్రోలుకు డబ్బు? వంటమనిషి జార్జియా గిల్మోర్, తోటి స్త్రీలు కేకులు, భోజనాలు అమ్మి ఆ సొమ్మును ఉద్యమ సభల్లో ఇచ్చేవారు. పేర్లు బయటపడితే కొలువులు పోతాయని తమ బృందాన్ని 'ఎక్కడిదీ కాని క్లబ్' అనుకున్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ కొలువు పోనే పోయింది. 1956 డిసెంబరులో బస్సుల్లో వివక్ష ముగిసింది.

మనమేమో సాయం కోరినవారిని ముందు బ్యానరు, ఫొటో అడుగుతున్నాం. దారిఖర్చులంటే వెనకాడుతున్నాం. వచ్చే ఏడు వాటికి వేరే పద్దు పెట్టదలిచాం. ఇచ్చినవారి పేర్లు అచ్చువేయం.