జీర్ణాశయం చిన్నదైన తరువాత మనసు నేర్చుకోవలసిన పాఠం

కార్తీక మాసంలో దుబాయిలోని ఒక ఉద్యానవనంలో తెలుగు కుటుంబాల వనభోజనాలు జరుగుతున్నాయనుకుందాం. పులిహోర, గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, ఆవకాయ, బొబ్బట్లు వరుసగా అమర్చి ఉన్నాయి. నలభై ఏళ్ళు దాటిన ఒక గృహిణి చిన్న గిన్నెలో రెండు చెంచాల పప్పు, కాస్త పెరుగు వేసుకొని ఒక పక్కగా కూర్చున్నది. "ఏం వదినా, వంట నచ్చలేదా? ఒక్క బొబ్బట్టయినా వేసుకోండి" అని ఒకరు, "డైటింగు మొదలుపెట్టారా?" అని మరొకరు పలకరిస్తారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మూడు నెలల క్రితం ఆమెకు బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగింది. పద్దెనిమిది కిలోలు తగ్గినది. మధుమేహానికి వాడే మాత్రలను వైద్యుడు సగానికి తగ్గించినాడు. అంతా అనుకున్నట్లే జరుగుతున్నది. అయినా ఆ రాత్రి ఇల్లు చేరిన తరువాత ఆమెకు దుఃఖం ఆగలేదు.

ఈ గృహిణి కల్పిత వ్యక్తియే. కాని ఆ దుఃఖం కల్పితం కాదు. ఇట్టి శస్త్రచికిత్స గంటా రెండు గంటలలో ముగుస్తుంది. మారిన జీర్ణాశయంతో మనసు రాజీపడడానికి మాత్రం ఏడాది, రెండేళ్ళు పడుతుంది. ఆ కాలంలో రోగిలో జరిగే మార్పులేమిటి? కుటుంబం తెలుసుకోవలసిన విషయాలేమిటి? ఈ ప్రశ్నలకు రసాయన శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం కలిసి చెప్పే సమాధానాన్ని పరిశీలిద్దాం.

శస్త్రచికిత్సలో జరిగేది

స్థూలకాయానికి శస్త్రచికిత్స నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే వైద్యుడు 1966లోనే గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిని ప్రారంభించినాడు. నేడు ప్రధానంగా రెండు పద్ధతులు అమలులో ఉన్నాయి. మొదటిది స్లీవ్ పద్ధతి. ఇందులో జీర్ణాశయంలో దాదాపు ఐదింట నాలుగు వంతులను తొలగించి, మిగిలిన భాగాన్ని అరటికాయ వంటి సన్నని గొట్టంగా కుడతారు. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దానిని చిన్న ప్రేగుతో నేరుగా కలుపుతారు.

ఈ చికిత్స ఎవరికి అవసరమో నిర్ణయించడానికి బాడీ మాస్ ఇండెక్స్ అనే కొలతను వాడతారు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. ఆసియా జాతులవారికి తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అందుచేత 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావారి విషయంలో ఈ సంఖ్య 27.5 దాటితే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చునని సూచించినాయి. ఎమిరేట్లలో నివసించే తెలుగువారిలో ఈ చికిత్స గూర్చి ఆలోచించేవారికి ఈ విషయం తెలియడం అవసరం.

ఆకలి ఒక రసాయన సందేశం

కడుపు ఖాళీ కావడమే ఆకలి అని చాలామంది అనుకుంటారు. ఆకలి నిజానికి రక్తంలో ప్రయాణించే సందేశం కూడా. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు మసయాసు కోజిమా, కెంజి కంగావా, వారి సహచరులు జీర్ణాశయం నుండి గ్రెలిన్ అనే హార్మోనును వేరుచేసినారు. ఇది 28 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో మూడవదైన సెరీన్‌కు ఎనిమిది కర్బన పరమాణువులు గల ఒక కొవ్వు ఆమ్లం అతుక్కోవాలి. కొబ్బరినూనెలో కూడా లభించే ఈ కొవ్వు ఆమ్లం, తాళంచెవికి ఉండే పన్ను వంటిది. అది ఉంటేనే మెదడులోని ఆకలి తాళం తెరుచుకుంటుంది.

గ్రెలిన్ అధికంగా తయారయ్యేది జీర్ణాశయపు పైభాగాన గుమ్మటంవలె ఉండే ప్రాంతంలో. స్లీవ్ పద్ధతిలో తొలగించేది ముఖ్యంగా ఆ ప్రాంతాన్నే. దానికి తోడు, ఆహారం చిన్న ప్రేగును త్వరగా చేరడం వలన జి.ఎల్.పి-1, పి.వై.వై. అనే తృప్తి హార్మోనులు పెరుగుతాయి. ఫలితంగా మొదటి నెలలలో చాలామందికి ఆకలి దాదాపు తెలియదు. గడియారం చూసి, గుర్తు చేసుకొని తినవలసి వస్తుంది.

అయితే ఇంకొక ఆకలి ఉన్నది. దానిని తెలుగువారు "నోటి ఆశ" అని సరిగానే పేరు పెట్టినారు. ఇంగువ పోపు వాసన, సెలవురోజు బిరియాని, అలసి ఇల్లు చేరగానే వేడి అన్నంలో ఆవకాయ, ఇవన్నీ ఏళ్ళ తరబడి మెదడులో పాతుకుపోయిన సుఖ సంకేతాలు. కత్తెర జీర్ణాశయాన్ని తాకగలదు కాని ఈ జ్ఞాపకాలను తాకలేదు.

ఆహారం తగ్గినప్పుడు మనసు ఏమవుతుందో తెలుసుకోవడానికి 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేసినాడు. 36 మంది ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద యువకులకు ఆరు నెలలపాటు అర్ధాకలి భోజనం పెట్టినారు. వారి మాటలు, కలలు అన్నీ తిండి చుట్టూ తిరిగినాయి. అంతకుముందు వంటింటి ముఖం చూడనివారు వంటల పుస్తకాలు సేకరించి చదివినారు. శస్త్రచికిత్స చేయించుకొన్నవారి స్థితి వేరు. వారికి ఆ యువకులవలె కడుపు మండదు. అయినా కంచం చిన్నదైతే మనసులో తిండి పెద్దదవుతుందన్న సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది. ఇది రోగి బలహీనత కాదు, మెదడు స్వభావం.

కోల్పోయినది ఏమిటి?

పరదేశంలో తిండికి రెట్టింపు విలువ. కరామాలోనో, షార్జాలోనో ఒక గదిలో నలుగురు సర్దుకొని బ్రతికే ఉద్యోగికి రాత్రి భోజనమే ఊరి జ్ఞాపకం. తల్లి ఫోనులో అడిగే మొదటి మాట "అన్నం తిన్నావా?" అన్నదే. విసుగు, ఒంటరితనం, పై అధికారిపై కోపం, ఇన్నింటికీ చాలామంది తిండినే మందుగా వాడుకుంటారు. శస్త్రచికిత్స తరువాత వ్యాధులు ఒక్కొక్కటిగా తగ్గుతాయి, కాని ఆ మందు ఒక్కసారిగా అందకుండా పోతుంది. ఎప్పుడూ తోడుండే స్నేహితుడు దూరమైనట్లు అనిపిస్తుంది. దీనిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక విధమైన వియోగ దుఃఖంగా పరిగణిస్తారు. "ఎందుకు చేయించుకొన్నానా" అన్న ఆలోచన మొదటి వారాలలో రావడం సాధారణం. అది వచ్చినంత మాత్రాన నిర్ణయం తప్పని అర్థం కాదు.

దీనికి తోడు మూడవ నెలనుండి ఆరవ నెల మధ్య చాలామందికి జుట్టు రాలుతుంది. గల్ఫ్‌లో జుట్టు రాలితే కుళాయి నీటిని నిందించడం పరిపాటి. ఇక్కడ ముఖ్య కారణం శరీరం త్వరగా బరువు కోల్పోవడం. మాంసకృత్తులు, ఇనుము తగినంత అందితే సాధారణంగా కొన్ని నెలలలో జుట్టు తిరిగి వస్తుంది. ఈ మాట ముందే తెలిసి ఉంటే అద్దం ముందు సగం భయం తగ్గుతుంది.

స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన ఒక సుదీర్ఘ అధ్యయనం ఈ ప్రయాణాన్ని స్పష్టంగా చూపినది. శస్త్రచికిత్స చేయించుకొన్నవారి ఉత్సాహం, జీవన సంతృప్తి మొదటి ఏడాదిలో శిఖరాన్ని అందుకొన్నాయి. తరువాత కొంత బరువు తిరిగి వచ్చిన కొద్దీ అవి కూడా కొంత తగ్గి, ఆరేళ్ళ అనంతరం నిలకడ పొందినాయి. పదేళ్ళ తరువాత కూడా మొత్తం మీద మొదటి స్థితికంటె మెరుగుగానే ఉన్నాయి. కనుక రెండవ ఏట ఆకలి కొంత తిరిగి వచ్చి, నలుగురి మెచ్చుకోలు ఆగిపోయినప్పుడు కలిగే నిరుత్సాహం ఓటమి కాదు, దారిలో ఒక మలుపు మాత్రమే.

వడ్డించే చేయి

తెలుగు ఇళ్ళలో ప్రేమకు భాష వడ్డన. కొసరి కొసరి పెట్టడం మర్యాద, వద్దనడం అమర్యాద, విస్తరిలో వదలడం అపచారం. ఈ మూడు నియమాలూ చిన్నదైన జీర్ణాశయానికి ప్రతికూలాలే. ఒక్క ముద్ద ఎక్కువైనా ఛాతీలో నొప్పి, వాంతి రావచ్చు. మొదటి నెలలలో అన్నం, రొట్టె, గట్టి మాంసం గొంతు క్రింద ఆగిపోయినట్లు బాధపెడతాయి. తీపి పదార్థం, ముఖ్యంగా బైపాస్ అయినవారిలో, ప్రేగులోకి ఒక్కసారిగా చేరి నీటిని లాక్కుంటుంది. గుండెదడ, చెమటలు, నీరసం వస్తాయి. దీనిని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. కాబట్టి ఆ బొబ్బట్టును వద్దన్న వదిన వండినవారిని కాదనలేదు, ఆ రాత్రి మంచం పట్టకుండా తనను కాపాడుకొన్నది.

సెలవుపై ఊరికి వెళ్ళినప్పుడు పరీక్ష ఇంకా కఠినం. "చిక్కి సగమైపోయావురా" అని తల్లి కంటతడి పెడుతుంది. చికిత్స సంగతి దాచితే ఆమె జబ్బు అని భయపడుతుంది. ప్రయాణానికి ముందే ఆమెకు నిజం చెప్పడం మంచిది. "అమ్మా, నీ చేతి పప్పు నాలుగు చెంచాలు తింటాను, నువ్వు పక్కన కూర్చో" అంటే ఆమె చేతికి పని, మనసుకు ఊరట రెండూ దొరుకుతాయి. భార్య లేక భర్త చేయగలిగిన సహాయం ఇంతకంటె చిన్నది: లెక్కపెట్టకుండా, నిఘా వేయకుండా, తామూ నెమ్మదిగా తింటూ భోజనం బల్ల దగ్గర మాట్లాడుతూ కూర్చోవడం.

కొత్త భోజన క్రమం

మొదట ద్రవాలు, తరువాత మెత్తని పదార్థాలు, ఆపైన మామూలు ఆహారం, ఈ మెట్లను వైద్యుడు, ఆహార నిపుణులు నిర్ణయిస్తారు. సామాన్యంగా రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరం. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల ఉడికిన పప్పులో 6 నుండి 7, పనీరులో 18 గ్రాములు ఉంటాయి. అదే బరువుగల అన్నంలో 3 గ్రాములు కూడా ఉండవు. అందుచేత కంచంలో మొదటి స్థానం పప్పుది, చివరి స్థానం అన్నానిది. తరతరాల వరుస తలక్రిందులవుతుంది గనుక ఇది నాలుకకంటె మనసుకే కష్టం. పెసరట్టు, పలుచని పప్పుచారు, పెరుగు ఈ మార్పును సులభం చేస్తాయి.

బల్లకు దూరంగా జరగడం కంటె చిన్న గిన్నె, చిన్న చెంచాతో ఇరవై ముప్పై నిమిషాలు అందరితోపాటు కూర్చోవడం మేలు. తినాలనిపించినప్పుడు "ఇది కడుపు అడిగిందా, మనసు అడిగిందా?" అని ఒక్క నిమిషం ఆలోచించి, మనసు అడిగినదైతే ఒక మిత్రునికి ఫోను చేయడమో, నాలుగు అడుగులు నడవడమో అలవాటు చేసుకోవాలి.

ఎమిరేట్ల వాతావరణం మరొక జాగ్రత్తను కోరుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. శస్త్రచికిత్స అయినవారు గటగట నీళ్ళు త్రాగలేరు, భోజనంతోపాటు త్రాగరాదు, తిన్న తరువాత అరగంట ఆగాలి. కనుక రోజంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి చేయాలి. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని నిషిద్ధమైనా, మిగిలిన వేళలలో ఆరుబయట పనిచేసేవారికి నీటి సీసా చేతిలో ఉండాలి. కరక్ చాయ్‌లోని చక్కెర డంపింగ్‌కు దారితీయవచ్చు. టీలోని టానిన్లు ఇనుమును ప్రేగు గ్రహించకుండా అడ్డుకుంటాయి. రంజాన్ ఉపవాసం ఉండదలచిన తెలుగు ముస్లిములు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

విటమిన్లు, ఖనిజాలు జీవితాంతం తీసుకోవాలి. శాకాహారులు బి12 విషయంలో మరింత శ్రద్ధ వహించాలి. కాల్షియం కార్బొనేటు కరగడానికి జీర్ణాశయపు ఆమ్లం అవసరం, సిట్రేటుకు అంతగా అక్కరలేదు. ఆమ్లం తగ్గిన కడుపుకు సిట్రేటును సూచించడానికి కారణం ఇదే.

ఉపేక్షించరాని సూచనలు

కొన్ని లక్షణాలను "అలవాటు పడుతున్నాడులే" అని వదలరాదు. వాంతులు ఆగకుండా కొనసాగితే థయమిన్ అనే బి1 విటమిన్ తరిగిపోయి మెదడుకు, నరాలకు హాని కలుగుతుంది. నడక తడబడడం, చూపు చెదరడం, మతిమరుపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తిండి ఇచ్చిన ఓదార్పును కొందరు మద్యంలో వెతుకుతారు. బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి త్వరగా చేరుతుంది. రెండవ ఏట మద్యపు వ్యసనం పెరిగినట్లు 2012లో వెలువడిన అమెరికా అధ్యయనం తెలిపినది.

కెనడాలోని ఒంటారియోలో 8,815 మంది రోగులను గమనించిన మరొక అధ్యయనం 2016లో వెలువడినది. తమకు తాము హాని చేసుకొని అత్యవసర చికిత్సకు వచ్చిన సందర్భాలు శస్త్రచికిత్స తరువాత సుమారు ఒకటిన్నర రెట్లు అయినాయి. అట్టివారు నూటికి ఒకరిద్దరే. వారిలో అత్యధికులకు ముందునుండే మానసిక వ్యాధి ఉన్నది. ఆ సంఘటనలు ఎక్కువగా రెండవ, మూడవ ఏళ్ళలో జరిగినాయి. అంటే బంధువులు "ఇక అంతా బాగున్నది" అనుకొనే కాలమే జాగ్రత్తగా ఉండవలసిన కాలం. నిద్ర, మాట, ఆసక్తి తగ్గినవారిని మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం, మధుమేహానికి వైద్యుని చూడడం వంటిదే. అందులో సిగ్గుపడవలసినది లేదు.

మరుసటి ఏడాది కార్తీక మాసం వస్తుంది. అదే ఉద్యానవనం, అవే వంటలు. ఆ గృహిణి ఈసారి కూడా చిన్న గిన్నెతోనే కూర్చుంటుంది. ఎవరో ఒకరు వడ్డించే గరిటె పక్కన పెట్టి, "వదినా, ఎలా ఉన్నారు?" అని ఆమె దగ్గర కూర్చుంటే చాలు. శస్త్రచికిత్స ఆమె కంచాన్ని చిన్నది చేసినది. పంక్తిలో ఆమె స్థానం చిన్నది కాకుండా చూడవలసినది చుట్టూ ఉన్నవారు.