సెల్‌ఫోను వ్యామోహము – పంచాయతీల కర్తవ్యము

నేటి గ్రామ జీవితములో సెల్‌ఫోను వలన కలుగు ప్రయోజనము తక్కువది కాదు. వాతావరణ సూచనలు, పంటల ధరలు, బ్యాంకు లావాదేవీలు, ప్రభుత్వ పథకముల వివరములు దానియందే తెలియుచున్నవి. కనుక ఫోనును విడనాడుడని ఎవరును చెప్పజాలరు. పనికై చేత పట్టిన ఫోను, పని ముగిసిన పిమ్మట కూడ చేతిని వదలకుండుటయే చిక్కు.

ఇందుకు కారణము లేకపోలేదు. ఒక వీడియో ముగియగనే మరియొకటి తనంతట తానే వచ్చును. తరువాతిది ఇంకను బాగుండునేమో అను ఆశ చూపరిని కదలనీయదు. మనము ఎంత ఎక్కువ సేపు చూచిన, ప్రకటనల ద్వారా ఆ కంపెనీలకు అంత రాబడి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ కారణమున బడులు మూతపడి, పాఠములు ఫోనులోనే సాగుటచే పిల్లలలో ఈ అలవాటు మరింత ముదిరినది. చదువుకు కూర్చున్న పిల్లవాడు పది నిమిషములైన పుస్తకముపై మనస్సు నిలుపలేకున్నాడని తల్లిదండ్రులు వాపోవుచున్నారు. వీడియో ఆటల వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ విషయమున మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన మోహిత్యాంచే వడగావ్ అను గ్రామము ఒక మార్గము చూపినది. ఆ గ్రామ జనాభా సుమారు మూడు వేలు. అచట 2022 ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవ సమయమున, మహిళల గ్రామసభ జరిపి ఒక నిర్ణయము గైకొనిరి. ప్రతిదినము సాయంకాలము 7 గంటలకు ఆలయముపై సైరన్ మ్రోగును. అంతట ఇంటింట ఫోనులు, టెలివిజన్లు కట్టివేయుదురు. 8-30 వరకు పిల్లలు చదువుకొందురు; పెద్దలు పుస్తకములు చదువుదురు, లేదా ముచ్చటించుకొందురు. తొలుత మగవారు ఈ మాట విని నవ్విరి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పంచాయతీ సిబ్బంది, విశ్రాంత ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి నచ్చజెప్పిరి.

ఇందలి కీలకము సుబోధకము. తోటివారందరు ఆటలో ఉండగా ఒక పిల్లవాడు ఫోను కట్టివేయుట కష్టము. తండ్రి వీడియోలు చూచుచు కుమారుని చదువుమనిన ఆ మాట చెల్లదు. ఊరంతయు ఒకేసారి విరమించినపుడు ఎవరికిని ఏదియు కోల్పోయితిమను బాధ యుండదు.

మన పంచాయతీలు ఇట్టి ప్రయత్నము చేయదలచిన యెడల ఈ క్రింది విషయములను గమనింపవలెను:

1. ఈ నిర్ణయము గ్రామసభలో, ముఖ్యముగా స్త్రీల సమ్మతితో జరుగవలెను.

2. పాల కేంద్రము వేళకు, పొలము పనులకు అడ్డురాని సమయమును ఎన్నుకొనవలెను. అత్యవసరమైన కాల్స్‌కు ఆటంకము ఉండరాదు.

3. జరిమానాలు, ఇండ్లలో తనిఖీలు తగవు. నచ్చజెప్పుటయే మేలు.

4. ఆ వేళ గ్రంథాలయమునో, బడి గదినో తెరచి దీపము, పుస్తకములు సమకూర్చవలెను. చేయుటకు వేరొక పని లేనిచో చేయి మరల ఫోనువైపే పోవును.

5. ఇంటిలో అనవసరపు నోటిఫికేషన్లను ఆపివేయుట, రాత్రి ఫోనును పడకకు దూరముగ ఛార్జింగునకు పెట్టుట అందరును పాటింపదగినవి.

వ్యసనము ముదిరి నిద్రాహారములు చెడిన వారిని మందలించుట వలన ఫలము లేదు. వారి కుటుంబములకు 14416 నంబరు తెలియజేయవలెను. అది 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ. తెలుగులో కూడ ఉచితముగ సలహా లభించును.

ఆచరణ పంచాయతీ కార్యాలయము నుండియే మొదలు కావలెను. రాబోవు సమావేశమున సభ్యులందరు తమ ఫోనులను ప్రక్కనుంచి చర్చ సాగించినచో, గ్రామస్థులకు చెప్పు మాటకు బలము చేకూరును.