చేతి బి.పి. చెప్పని రక్తపోటు



మెట్లు ఎక్కితే ఆయాసం వస్తే వయసు మీదపడిందనో, రక్తం తక్కువైందనో, ఒళ్ళు వచ్చిందనో సరిపెట్టుకుంటాము. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయితే కొందరిలో దానికి కారణం పల్మనరీ హైపర్‌టెన్షన్, అనగా ఊపిరితిత్తుల రక్తనాళాలలో పోటు పెరగడం. దీని గురించి తెలియజేయడానికే 2012 నుండి మే 5వ తేదీని ప్రపంచ దినంగా పాటిస్తున్నారు.

ఇది మామూలు బి.పి. కాదు

గుండె ఎడమ భాగం శరీరమంతటికీ, కుడి భాగం ఊపిరితిత్తులకూ రక్తాన్ని పంపుతాయి. చేతికి పట్టీ కట్టి చూసేది ఎడమ వైపు పోటు మాత్రమే. అందుచేత "బి.పి. నార్మల్" అన్నా ఈ జబ్బు ఉండవచ్చు. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పోటు మామూలుగా సుమారు 14 మి.మీ. ఉంటుంది. విశ్రాంతిలో 20 దాటితే వ్యాధి ఉన్నట్టే. ఇరుకైన నాళాలలోకి రక్తాన్ని నెట్టి నెట్టి కుడి గుండె క్రమంగా అలసిపోతుంది.

ఎవరికి రావచ్చు?

1. చిన్నతనంలో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైనవారికి.
2. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నవారికి.
3. బీడీ, సిగరెట్, కట్టెపొయ్యి పొగ, క్షయ వలన ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి.
4. ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు చేరినవారికి.
5. కొన్ని మందులు వాడినవారికి. 1960లలో ఐరోపాలో అమినోరెక్స్ అనే సన్నబడే మాత్ర వలన ఎందరో ఈ జబ్బు పాలయ్యారు. కనుక యూనివర్సిటీ హాస్టళ్ళలోని పిల్లలు డాక్టరును అడగకుండా అటువంటి మాత్రలు వాడరాదు.

ఏ కారణమూ లేకుండా కూడా వస్తుంది. అటువంటివారిలో స్త్రీలే ఎక్కువ.

ఈ గుర్తులు గమనించండి

నడిస్తే పెరిగే ఆయాసం, విపరీతమైన నీరసం, గుండె దడ, ఛాతీ నొప్పి, కాళ్ళ వాపు, పెదవులు నీలంగా మారడం. శ్రమపడినప్పుడు కళ్ళు తిరిగి పడిపోతే ఆలస్యం చేయకండి.

ఏమి చేయాలి?

మొదట గుండెకు ఎకో పరీక్ష చేయించాలి. వారాసిగూడవారికి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దగ్గర. ఎకోలో అనుమానం వస్తే కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి పోటు కొలిచి నిర్ధారిస్తారు. కారణాన్ని బట్టే చికిత్స. సిల్డెనాఫిల్, బోసెంటాన్ వంటి మందులు కొన్ని రకాలకే పనికివస్తాయి. వాటిని సొంతంగా కొనకండి, హఠాత్తుగా మానకండి. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో సిల్డెనాఫిల్ కలిస్తే ప్రాణాపాయం.

ఈ జబ్బు ఉన్న స్త్రీలకు గర్భం చాలా ప్రమాదకరం. కోడలికి ఇంకా పిల్లలు లేరని నిందించే ముందు డాక్టరు మాట వినండి.

పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వస్తే చూపించండి. రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు చెప్పిన పెన్సిలిన్ ఇంజెక్షన్లు తప్పించకండి. గుండెలో రంధ్రం ఉందంటే "పెద్దయ్యాక చూద్దాం" అనకండి. ఆలస్యమైతే కొందరిలో ఆపరేషన్‌కు వీలుండదు.

ఊపిరి దేవుడిచ్చిన వరము. దానిని కాపాడుకొనుట మన బాధ్యత. మీ ఇంటిలో, మీ సంఘములో ఆయాసపడుతున్నవారు ఉంటే ఈ నెలలోనే పరీక్షకు తీసుకురండి.