విహారయాత్రలో నాసిరకం భోజనం: ఫిర్యాదుకు దారి ఉందా?

ప్రశ్న: విశాఖపట్నం బీచ్ రోడ్డులోని ఒక శాకాహార హోటల్‌లో భారీ ధర చెల్లించినా భోజనం నాసిరకంగా ఉంది; బిల్లులో సర్వీస్ ఛార్జీ కూడా కలిపారు. సొంత ఊరు చేరాక ఫిర్యాదు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వండిన భోజనానికి ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ హోటల్ యాజమాన్యానికి ఉన్నందున, మెనూలో ముందే కనిపించిన ధర ఎక్కువనిపించడం గాని, సాంబారు రుచించకపోవడం గాని ఫిర్యాదుకు సాధారణంగా చాలవు. అయితే పాచిపోయిన పదార్థాలు వడ్డించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పేర్కొనే సేవాలోపం, అంటే చట్టప్రకారం ఉండవలసిన నాణ్యత సేవలో కొరవడటం, కిందికి వస్తుంది. మెనూ ధరను మించి వసూలు చేయడం కూడా ఫిర్యాదుకు తగిన కారణమే.

ప్రభుత్వానికి చేరే జీఎస్టీ వేరు, హోటల్ తనకోసం వసూలు చేసే సర్వీస్ ఛార్జీ వేరు. వినియోగదారు ఇష్టంతో నిమిత్తం లేకుండా సర్వీస్ ఛార్జీని బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేయగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కనుక దాన్ని తొలగించమని అక్కడికక్కడే కోరవచ్చు. నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

అక్కడా పరిష్కారం దొరకకపోతే, చట్టంలోని 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయడానికి వీలు కల్పిస్తున్నందున, దాని కోసం విశాఖ తిరిగి వెళ్లనవసరం లేదు. గడువు రెండేళ్లు. బిల్లును, మెనూ ఫొటోను, చెల్లింపు రసీదును భద్రపరచుకోవడం తప్పనిసరి.