ఆంఖ్-మోర్‌పోర్క్ నగరంలో పౌర సేవలు: ఒక పరిశీలన

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్)



వార్షికోత్సవ సంచిక అనగానే "విద్యార్థి - క్రమశిక్షణ", "గ్రంథాలయాల ఆవశ్యకత", "పర్యావరణ పరిరక్షణ" వంటి వ్యాసాలు వస్తాయి. అవి ఉండవలసినవే. నేను మాత్రం ఈసారి భూమ్మీద ఎక్కడా లేని ఒక ఊరి పాలన గురించి రాయదలచుకున్నాను. పరీక్షల కోసం మాక్స్ వెబర్ సిద్ధాంతాలు కంఠతా పట్టాను. కానీ ఇంటికి నిప్పంటుకుంటే ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు, రాకపోతే ఎవరిని నిలదీయాలి అనే ప్రశ్నలు నాకు నిజంగా తలకెక్కింది ఈ కథల నగరం చదివాకనే. గ్రూప్స్ సిలబస్‌లో ఇది లేదు. అయినా చదవండి.

ఆ నగరం పేరు ఆంఖ్-మోర్‌పోర్క్. సృష్టించినవారు టెర్రీ ప్రాచెట్ (1948-2015) అనే ఆంగ్ల రచయిత. 1983 నుండి 2015 వరకు 'డిస్క్‌వరల్డ్' వరుసలో ఆయనవి 41 నవలలు వచ్చాయి. ఆ ప్రపంచం పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటే, ఆ ఏనుగులను వీపున పెట్టుకొని ఒక మహా తాబేలు ఆకాశంలో ఈదుతూ ఉంటుంది. కూర్మావతారం, అష్టదిగ్గజాలు విన్న మనకు ఇందులో వింతేమీ లేదు. నాలుగు ఏనుగులు తగ్గాయి, అంతే.

నగరం మధ్యలో ఆంఖ్ నది పారుతుంది. ఒక ఒడ్డున ఆంఖ్, అది డబ్బున్నవారి పేట. ఇంకో ఒడ్డున మోర్‌పోర్క్, అది లేనివారి పేట. జనాభా సుమారు పది లక్షలు. నది నీళ్ళు ఎంత చిక్కనివంటే దాని మీద నడిచి పోవచ్చునంటాడు రచయిత. మూసీని చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. మనుషులతోపాటు గనుల్లో పనిచేసే పొట్టి జాతివారు, రాతి ఒళ్ళుగల ట్రోల్‌లు, తోడేలుగా మారే మనుషులు, మట్టితో చేసిన గోలెంలు అక్కడ బ్రతుకుతుంటారు.

పాలకుడు హావ్‌లాక్ వెటినారి. ఆయన పదవి పేరు పట్రీషియన్. ఆ ఊళ్ళో కూడా ఒక మనిషికి ఒక ఓటే. అయితే ఆ మనిషి పట్రీషియన్, ఆ ఓటు ఆయనదే! ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. తర్వాత 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చేసిన ప్రసంగం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ వస్తాయి గాని, సాంఘిక ఆర్థిక జీవితంలో ఒక మనిషికి ఒక విలువ రాకపోతే ఈ వైరుధ్యంతో ఎంతకాలం బ్రతుకుతాం అని ఆయన ఆనాడే అడిగారు. ఆంఖ్-మోర్‌పోర్క్‌లో మొదటిది కూడా లేదు. మనకు మొదటిది ఉంది.

ఇక సేవల సంగతి. అగ్నిమాపక సేవను మొదట ఒక సంఘం నడిపేది. దానికి చందా కట్టిన ఇంటినే అది కాపాడుతుంది. కొంతకాలానికి ఆ సంఘం మనుషులు గుంపుగా వచ్చి, చందా కట్టని ఇళ్ళ ముందు నిలబడి, "ఈ ఇల్లు ఇట్టే అంటుకునేలా ఉందే" అని గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. పట్రీషియన్ ఆ సంఘాన్ని రద్దు చేశాడు. ఇది ఉత్త కల్పన కాదు. 1666 మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో బీమా కంపెనీలే సొంత దళాలను పెట్టుకొని, చందాదారుల గోడలకు లోహపు బిళ్ళలు తగిలించేవి. ప్రభుత్వ దళం ఏర్పడింది 1866లో. దొంగతనాలకైతే ఆంఖ్-మోర్‌పోర్క్‌లో లైసెన్సు ఉంది. దొంగల సంఘం ఏడాదికి ఇంత అని కోటా పెట్టుకొని, దోచుకున్నాక రశీదు ఇస్తుంది. లైసెన్సు లేని దొంగను పోలీసులకన్నా ముందు ఆ సంఘమే పట్టుకుంటుంది.

పోలీసు శాఖ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 'గార్డ్స్! గార్డ్స్!' (1989) నవల మొదట్లో రాత్రి గస్తీ దళంలో మిగిలింది ముగ్గురు. తాగుడుకు బానిసైన కెప్టెన్ సామ్ వైమ్స్, ఒక ముసలి సార్జెంటు, ఒక కార్పొరల్. నాలుగోవాడు కారట్, అప్పుడే నగరానికి వచ్చి చట్టాల పుస్తకాన్ని నిజమని నమ్మినవాడు. ఈ నలుగురే చివరికి నగరాన్ని ఒక డ్రాగన్ బారి నుండి కాపాడతారు. పట్రీషియన్ పిలిచి ఏం కావాలో కోరుకోమంటాడు. వాళ్ళు తర్జనభర్జన పడి అడిగినవి మూడు: జీతంలో నెలకు ఐదు డాలర్ల పెంపు, టీ కాచుకోవడానికి కొత్త కెటిల్, బాణాల ఆటకు ఒక బోర్డు!

తమ్ముళ్ళారా, ఇక్కడ కాసేపు ఆగండి. పెద్దాఫీసరు ఎవరైనా తనిఖీకి వచ్చి "మీకేం కావాలి బాబూ" అని భుజం మీద చెయ్యి వేసి అడిగినప్పుడు హాస్టల్ పిల్లలు ఏం అడుగుతారు? ట్యూబ్‌లైటు. బాత్రూం తలుపుకు గడియ. మహా అయితే ఆదివారం ఇంకో గుడ్డు. ఆ నలుగురూ అమాయకులు కారు, ఊరంతా ఎరిగినవాళ్ళు. ఏళ్ళ తరబడి తక్కువలో బ్రతికినవారికి కోరిక కూడా ఆ కొలతకే కుదించుకుపోతుంది. గడియ అడగడం తప్పని నేను అనను, గడియ కావలసిందే. దానితోపాటు లైబ్రరీకి ఒక ట్యూటర్, పదో తరగతి తర్వాత ఏ కోర్సుకు ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పే మనిషి కూడా కావాలని అడగాలి. మాకు ఆ మాట నేర్పినవారు లేరు.

'మెన్ ఎట్ ఆర్మ్స్' (1993)లో పట్రీషియన్ ఆజ్ఞ మీద గస్తీ దళంలో నగరంలోని అన్ని జాతులకూ చోటు ఇవ్వాల్సి వస్తుంది. ఒక పొట్టి జాతివాడు, ఒక ట్రోల్, ఒక స్త్రీ చేరతారు. "ప్రమాణాలు పడిపోతాయి" అన్న గొణుగుడు అక్కడా వినిపిస్తుంది. మనం వినని మాట కాదు. జరిగింది మాత్రం వేరు. నగరం సగం మందితో మాట్లాడలేని దళం వాళ్ళు వచ్చాకే నగరానికి పనికొచ్చింది.

ఆ నవల్లోనే వైమ్స్ బూట్ల లెక్క ఒకటి ఉంది. అతని జీతం నెలకు 38 డాలర్లు. మంచి తోలు బూట్లు 50 డాలర్లు, పదేళ్ళు మన్నుతాయి. అతను కొనగలిగినవి 10 డాలర్లవి, అట్టముక్క అడుగు, ఏడాదికి చిరుగుతాయి. పదేళ్ళలో పేదవాడు బూట్లకు 100 డాలర్లు పెడతాడు, అయినా కాళ్ళు తడుస్తూనే ఉంటాయి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి గాని, ఈ లెక్క మా అమ్మకు ఎప్పుడో తెలుసు. నెల సరుకు ఒకేసారి తెచ్చుకునేవారికి ఒక ధర, రోజూ వంద గ్రాముల నూనె అరువు తెచ్చుకునేవారికి ఇంకో ధర. 2022లో బ్రిటన్‌లో జాక్ మన్రో అనే రచయిత పేదలు కొనే సరుకుల ధరలకు వేరే సూచీ కావాలని పూనుకొని, ప్రాచెట్ కుటుంబం అనుమతితో దానికి వైమ్స్ బూట్ల పేరే పెట్టారు. ఇంత ఉపయోగపడిన ఆర్థికశాస్త్రం నేను ఏ గైడులోనూ చదవలేదు.

ఇప్పుడు తపాలా. 'గోయింగ్ పోస్టల్' (2004) ఈ విషయంలో అన్నిటికన్నా మంచి నవల. తపాలా కార్యాలయం మూతపడినట్లే ఉంటుంది. గదుల నిండా ఏళ్ళనాటి బట్వాడా కాని ఉత్తరాల గుట్టలు, వాటి మధ్య ఇద్దరే సిబ్బంది. గోడ మీది నినాదంలో కొన్ని అక్షరాలు ఊడిపోయి, పక్క మంగలి షాపు బోర్డు మీద తేలతాయి! ఈ ఆఫీసును లేపడానికి వెటినారి ఎన్నుకున్నది మోయిస్ట్ వాన్ లిప్‌విగ్ అనే మోసగాణ్ణి. ఉరికొయ్య నుండి దించి మరీ పోస్టుమాస్టరును చేస్తాడు. అతను స్టాంపును కనిపెడతాడు, జనం దాన్ని డబ్బులాగా మార్చుకోవడం మొదలుపెడతారు.

మోయిస్ట్‌కు కాపలాగా ఒక గోలెం ఉంటాడు. తానెప్పుడూ కత్తి పట్టలేదు, ఎవరినీ చంపలేదు అని మోయిస్ట్ అంటే, గోలెం లెక్క చెబుతాడు: నువ్వు ఇప్పటికి 2.338 మందిని చంపావు. దొంగ పత్రాలతో ఒకరి పొదుపు, ఇంకొకరి ఉద్యోగం, మరొకరి వ్యాపారం పోగొట్టాడు కదా. ఆ నష్టం ఎవరెవరి ఆయుష్షు ఎంతెంత తగ్గించిందో కూడితే ఆ అంకె వచ్చింది. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో అవినీతి మీద అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. అవన్నీ ఇన్ని కోట్లు అని రూపాయల్లోనే లెక్క కడతాయి. పిల్లవాడి పళ్ళెంలోకి రావలసిన పప్పు తూకం తగ్గితే ఎంత ఆదా అయిందో రిజిస్టరులో దొరుకుతుంది. ఆ పిల్లవాడిలో ఎంత తగ్గిందో ఏ ఆడిటరూ రాయడు. మనలో కొందరం రేపు వార్డెన్లం, ఆడిటర్లం, ఎం.పి.డి.ఓ.లం కావాలనుకుంటున్నాం కనుక ఈ 2.338ని గుర్తు పెట్టుకోమంటున్నాను.

తపాలాకు పోటీ క్లాక్స్. కొండల మీద బురుజులు కట్టి, రెక్కలు, దీపాల సైగలతో కబురు పంపే ప్రైవేటు కంపెనీ అది. ఇంజనీర్లు కనిపెట్టిన దాన్ని రీచర్ గిల్ట్ అనే ధనికుడు లెక్కల మాయతో చేజిక్కించుకుంటాడు. రోజుకు ఒక గంట మరమ్మతుల కోసం లైను ఆపే పద్ధతి ఉండేది. లాభానికి అడ్డమని దాన్ని తీసేస్తారు. నడుస్తున్న యంత్రం మీదికి ఎక్కి బాగుచేసే కుర్రాళ్ళు పడి చనిపోతుంటారు. వాళ్ళకు స్మారకం లేదు. తోటి పనివాళ్ళే ఒక ఏర్పాటు చేసుకుంటారు. చనిపోయినవాడి పేరును ఒక సంకేతంతో కలిపి లైనులోకి పంపుతారు. దాని అర్థం: ముందుకు పంపు, నమోదు చేయకు, చివరికి వచ్చాక వెనక్కి తిప్పు. అలా ఆ పేరు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. 2015 మార్చిలో ప్రాచెట్ చనిపోయినప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామర్లు ఎందరో తమ వెబ్‌సైట్లలో కంటికి కనబడని చోట ఆయన పేరును అదే సంకేతంతో పెట్టారు.

పారిశుద్ధ్యం మాటకొస్తే హ్యారీ కింగ్. 'ది ట్రూత్' (2000)లో కనిపిస్తాడు. చిన్నప్పుడు నది బురదలో వెతుక్కొని బ్రతికినవాడు. ఇళ్ళ నుండి మలమూత్రాలు ఎత్తుకుపోవడానికి వారి దగ్గర డబ్బు తీసుకుంటాడు, వాటినే తోలు పదును పెట్టేవారికి, ఎరువు కావలసినవారికి అమ్ముకుంటాడు. కోటీశ్వరుడై, 'రెయిజింగ్ స్టీమ్' (2013) నాటికి సర్ హ్యారీ కింగ్ అయ్యాడు, రైలుమార్గానికి పెట్టుబడి పెట్టాడు. ప్రాచెట్‌కు హ్యారీ అంటే ముద్దు, నాకూ ఇష్టమే. కానీ బిరుదు వచ్చింది బళ్ళ యజమానికి. బకెట్లు మోసినవారి పేర్లు మనకు తెలియవు. మన దేశంలో చేతితో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు వచ్చాయి. మురుగు కాలువలో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని ముప్ఫై లక్షలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండోసారి తీర్పు అవసరమైందంటే దిగడం ఆగలేదనే కదా.

ఆ ఊళ్ళో మనలాంటి హాస్టల్ లేదు. 'థీఫ్ ఆఫ్ టైమ్' (2001)లో గుమ్మం ముందు వదిలేసిన పసిపిల్లలను సంఘాలు పెంచుతాయి. గడియారాలవారి గుమ్మంలో దొరికినవాడు గడియారాలు చేస్తాడు, దొంగల గుమ్మంలో దొరికినవాడు దొంగతనం నేర్చుకుంటాడు. అన్నం పెట్టినవారే వృత్తిని నిర్ణయిస్తారు. మన హాస్టల్లో అన్నం ఎంత పలుచగా ఉన్నా, అది తిన్నందుకు ఫలానా పనే చేయాలని ఎవరూ రాసి పెట్టలేదు. నా గదిలో ఉన్న నలుగురిలో ఒకడు లైన్‌మన్, ఒకడు టీచరు, ఒకడు లాబ్ టెక్నీషియన్. ముగ్గురి తండ్రులూ చేసిన పని ఒక్కటే, కూలి.

నీళ్ళ సేవను చివరికి ఉంచాను. మోయిస్ట్‌కు లెక్క చెప్పిన ఆ గోలెం అసలు పేరు పంప్ 19. వంద అడుగుల గోతి అడుగున, చీకట్లో, 240 ఏళ్ళు నీళ్ళు తోడాడు. జీతం లేదు, విరామం లేదు, పేరు బదులు నంబరు. గోలెం ఆస్తి కింద లెక్క, అతన్ని కొనవచ్చు, అమ్మవచ్చు. అంతకుముందు 'ఫీట్ ఆఫ్ క్లే' (1996)లో కారట్ డోర్ఫ్ల్ అనే గోలెంను కొని, ఆ కొన్న రశీదును అతని తలలోనే పెడతాడు. అంటే ఇక అతనికి యజమాని అతనే. స్వేచ్ఛ వచ్చిన డోర్ఫ్ల్ మిగతా గోలెంలను తిరుగుబాటుకు పిలవడు. పోలీసు దళంలో చేరి, జీతం కూడబెట్టి, మరో గోలెంను కొని విడిపిస్తానంటాడు. వాడు సంపాదించి ఇంకొకణ్ణి విడిపించాలి. 'గోయింగ్ పోస్టల్' నాటికి ఆ పని చేయడానికి ఒక ట్రస్టు కూడా ఏర్పడి ఉంటుంది. పూర్వ విద్యార్థుల సంఘం చందా పుస్తకం ఈసారి నా దగ్గరే ఉందని ఈ సందర్భంగా మనవి!

చదవాలనుకునేవారు 'గార్డ్స్! గార్డ్స్!'తో మొదలుపెట్టి, 'మెన్ ఎట్ ఆర్మ్స్', 'ఫీట్ ఆఫ్ క్లే' చదివి, తర్వాత 'గోయింగ్ పోస్టల్'కు రండి. ఇంగ్లీషు మొదటి ముప్ఫై పేజీలు ఇబ్బంది పెడుతుంది, నాకూ డిక్షనరీ పక్కన పెట్టుకోక తప్పలేదు. 'గోయింగ్ పోస్టల్' నా ప్రతిని హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టి వెళ్తున్నాను. రిజిస్టరులో సంతకం చేసి తీసుకోండి.