న్యాయవాది చదువు, న్యాయవాది ధర్మము

పెద్ద తరగతుల విద్యార్థులను మీరేమి కాదలచితిరని మేమడిగినపుడు, వకీళ్లమగుదుమని చెప్పువారు కొందరుందురు. కారణమడిగిన ధనమని కొందరు, గౌరవమని కొందరు పలుకుదురు. అట్టివారికై టంగుటూరి ప్రకాశముగారి చదువును, వారు వృత్తి నడిపిన తీరును ఇచట వివరింతుము.

ప్రకాశముగారు 1872లో ఒంగోలు సమీపమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించిరి. అచటి మిషన్ పాఠశాల ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు పోవుచు, ఈ బాలుని వెంట తీసికొనిపోయి చదివించిరి.

ఆ దినములలో న్యాయవాదులకు తరగతులుండెడివి. ప్రకాశముగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి మొదట సెకండు గ్రేడు ప్లీడరైరి. ఆ పట్టా క్రింది కోర్టులకే చెల్లును. హైకోర్టులో వాదించుటకు చాలదు. రాజమహేంద్రవరమున వృత్తి బాగుగా సాగుచుండెను. పురపాలక సంఘాధ్యక్ష పదవియు లభించెను. అయినను ముప్పది యేండ్లు దాటిన వయస్సున, 1904లో, ఇంగ్లండునకు పోయి మరల విద్యార్థియైరి. 1907లో బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రవేశించిరి. 1961 నాటి న్యాయవాదుల చట్టము ఈ తరగతి భేదములను తొలగించినది. నేడు ఇంటర్మీడియట్ పిమ్మట ఐదేండ్లు గాని, డిగ్రీ పిమ్మట మూడేండ్లు గాని చదివినవారికి ఈ వృత్తి ద్వారము తెరచియున్నది.

ఇక వృత్తి నడిపిన తీరు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొర హత్యకు గురియయ్యెను. ఆ కేసులో ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో ప్రకాశముగారొకరు. ముద్దాయి పక్షమున వాదించుట నేరమును మెచ్చుకొనుట కాదని పిల్లలు గ్రహింపవలెను. సాక్ష్యమును శోధింపక ఎవ్వరిని శిక్షింపరాదని న్యాయస్థానమునకు గుర్తుచేయుటయే ఆ పని. నోరులేనివాని పక్షమున పలుకుమని సామెతల గ్రంథమును బోధించుచున్నది గదా!

1921లో, రాబడి మిక్కుటముగా ఉన్న సమయముననే, వారు వృత్తిని విడిచి దేశసేవలో దిగి, స్వరాజ్య పత్రికను స్థాపించిరి. ఖద్దరు నేతకు పేరుగన్న మన మెట్‌పల్లి పిల్లలకు ఆనాటి ఉద్యమము తెలియనిది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన ప్రకాశముగారు 1957లో పరమపదించిరి.

తలిదండ్రులారా, బీడీలు చుట్టి బిడ్డలను చదివించు తల్లులు మన ఊళ్లలో ఎందరో కలరు. పేదరికము చేత బడి మాన్పింపదలచినపుడు, ఒక్కమారు ఆ పూటకూళ్ల ఇంటిని తలచుకొనుడు. మాన్పించుటకు ముందు మా యొద్దకు రండు. తోడి ఉపాధ్యాయులారా, వారు వచ్చినపుడు నాయుడుగారిని మనము మరువరాదు. విద్యార్థులారా, రేపు మీరు నల్లకోటు ధరించినచో, ఫీజు ఈయలేని పేదవాడు మీ గుమ్మము నెక్కినపుడు, మీ చదువునకు ఎవరెవరు ఏమేమి ఇచ్చిరో ముందుగా లెక్క చూచుకొనుడు.