పెరట్లో మేకపిల్ల, మంచంలో మనిషి

సిరొంచ తాలూకాలో నర్సుగా పనిచేశాను. తలకు పెద్ద దెబ్బ తగిలిన వాళ్లను చాలామందిని చూశాను. బండి మీది నుంచి పడ్డవాళ్లు, తాటిచెట్టు మీది నుంచి జారినవాళ్లు, ఇప్పపువ్వు ఏరబోయి ఎలుగుబంటికి చిక్కినవాళ్లు. నది దాటించి వరంగల్‌కో మంచిర్యాలకో తీసుకుపోయి ప్రాణం దక్కించుకుంటాం. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే. ఫిజియోథెరపీకి వారం వారం ఎవరు మోసుకుపోతారు? అందుకే ఇంట్లో ఉన్న జీవాలతో ఏం చేయొచ్చో నేను చూసింది చెబుతున్నాను.

1. జంతువు మందు కాదు. చచ్చిన మెదడు కణాన్ని ఏ మేకా బతికించదు. కానీ దెబ్బతిన్న మెదడు మళ్లీ నేర్చుకునేది చేసిన పనినే పదే పదే చేయడం వల్ల. చేయి ఎత్తమని వందసార్లు చెప్పినా ఎత్తని మనిషి, మేకపిల్ల మూతికి ఆకు అందించడానికి ఎత్తుతాడు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పరిశోధకురాలు కరిన్ హెడిగర్ బృందం మెదడు దెబ్బతిన్న 19 మందిని ఇలాగే పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించింది. ఒకే రకం చికిత్సను జంతువు ఉన్నప్పుడూ లేనప్పుడూ చేయించి చూశారు. జంతువు ఉన్నప్పుడు రోగులు ఎక్కువ మాట్లాడారు, ఎక్కువ సైగలు చేశారు, వాళ్ల ముఖాల్లో సంతోషం ఎక్కువ కనిపించింది. చేయాలన్న ఉత్సాహమూ పెరిగింది.

2. ముందు ఏ కదలిక కావాలో తేల్చుకోండి, జంతువు సంగతి ఆ తర్వాత. పిడికిలి బిగుసుకుపోయిన వాళ్ల చేతిలో నూకలు పోసి కోళ్లకు చల్లించండి. చల్లాలంటే వేళ్లు విప్పక తప్పదు. కొందరికి ఎడమ పక్క అనేదే ఉండదు. కంచంలో ఆ పక్క అన్నం అట్లాగే మిగిలిపోతుంది, ఎడమ వైపు నిలబడి పిలిచినా తిరగరు. మేకపిల్లను ఆ పక్కనే కట్టండి. అది అరిచినప్పుడల్లా మెడ తిప్పే అవకాశం వస్తుంది. ఇక మాట పోయిన వాళ్ల సంగతి. పేరు అడిగితే నోరు పెగలని మనిషి కోళ్లను పిలిచే పిలుపు పిలవడం నేను విన్నాను. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైనవి ఒక్కోసారి దెబ్బకు చెదరవు. ఆ పిలుపు వినబడిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చారు.

3. ఎలుగుబంటి దాడి చేస్తే ఎక్కువగా ముఖం, తల చీలుస్తుంది. అట్లా గాయపడ్డవాళ్ల దగ్గరికి, ఎలుగును గుర్తుచేసే నల్ల కుక్కను అడగకుండా తేవద్దు. దూరం నుంచి చూపించి వాళ్ల ముఖం గమనించండి. వద్దంటే వద్దు. భామ్రాగఢ్ దగ్గర హేమల్‌కసాలో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దంపతులు ఎలుగుబంటి చీల్చిన వాళ్లకూ వైద్యం చేశారు, తల్లిని కోల్పోయిన అడవి జంతువుల పిల్లలనూ పెంచారు. 1973లో మొదలైన వాళ్ల లోక్ బిరాదరీ సేవాకేంద్రం ఆవరణలో దవాఖానా, జంతువుల ఆశ్రయమూ రెండూ ఉన్నాయి. నాకు వాళ్లంటే ఎంతో గౌరవం. కానీ ఆ జంతువులు చికిత్స కోసం ఉన్నవి కావు. అడవి జంతువును, దాని పిల్లనైనా సరే, రోగి మంచం దగ్గరికి తేకూడదు.

4. పుర్రె లోపలి ఒత్తిడి తగ్గించడానికి డాక్టర్లు కొందరికి పుర్రె ఎముక ముక్క తీసి, కొన్ని నెలల తర్వాత పెడతారు. అప్పటిదాకా ఆ చోట మెదడుకు చర్మమే అడ్డు. కొమ్ముల మేకను, గెంతే లేగదూడను దగ్గరికి రానివ్వద్దు. గొంతుకు గొట్టం ఉంటే ఈకలు, దుమ్ము లేపే కోళ్లూ వద్దు. కుక్కకు రేబిస్ టీకా వేయించండి. తాకిన చేతులు సబ్బుతో కడగండి.

5. పది, పదిహేను నిమిషాలు చాలు. మెదడుకు దెబ్బ తగిలిన మనిషి మనం ఊహించలేనంత త్వరగా అలసిపోతాడు. కళ్లు వాలినా, చిరాకు పడినా ఆపేయండి. జీవాన్నీ చూసుకోవాలి. రోగి పట్టిన పట్టు తనకు తెలియకుండానే బిగుస్తుంది, మేకపిల్ల చెవి దొరికితే వదలడు. పక్కన ఒకరు ఎప్పుడూ ఉండాలి.

6. గోడ క్యాలెండర్ మీద రాయండి. ఏ చేయి ఎంత ఎత్తాడు, ఏం పలికాడు, ఫిట్స్ వచ్చాయా, మందు వేశాక మత్తుగా ఉన్నాడా. నది దాటి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ క్యాలెండర్ వెంట తీసుకుపోండి. మందు మోతాదు మార్చాలా అని ఆలోచించేటప్పుడు ఆయనకు అది పనికొస్తుంది.